సూరత్ గాలికి మూత ఎంత ఎత్తులో ఉంది?

జనవరిలో ఉత్తరాయణ్ పండుగ వచ్చిందంటే సూరత్ అంతా మేడల మీదే ఉంటుంది. పతంగులు ఎగరేసేవారికి ఒక సంగతి అనుభవం మీద తెలుసు. మరీ పొద్దున్నే గాలి సరిగా అందదు. ఎండెక్కిన తర్వాతే గాలి లేస్తుంది, పతంగి నిలబడుతుంది. అవే రోజుల్లో తెలుగు ఊళ్లలో భోగి మంట దగ్గర నిలబడ్డవారు కూడా ఇలాంటిదే చూస్తారు. పొగ కొంత దూరం నిటారుగా లేచి, ఇంటికప్పు ఎత్తులోనో కొబ్బరిచెట్ల తలల ఎత్తులోనో ఆగిపోయి, అడ్డంగా పరుచుకుంటుంది. పైన ఎవరో కనిపించని మూత పెట్టినట్టు ఉంటుంది.

ఆ మూత నిజంగానే ఉంది. అది రోజూ లేస్తుంది, రోజూ దిగుతుంది. భూవాతావరణం గురించి బడిలో చదువుకున్న ఐదు పొరల పటంలో దానికి చోటు లేదు. కానీ సూరత్ లాంటి పారిశ్రామిక నగరంలో ఒక మనిషి ఊపిరితిత్తుల్లోకి ఏం వెళుతుందన్నది ఆ ఐదు పొరల కంటే ఎక్కువగా ఈ మూతే తేలుస్తుంది. సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్న లక్షల మందిలో తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన నేత కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి ఇది తెలుగువారికీ దూరపు విషయం కాదు.

గాలిలో ఏముంది?

తేమ తీసేసిన గాలిని కొలిస్తే అందులో 78 శాతం నత్రజని, 21 శాతానికి కాస్త తక్కువగా ఆక్సిజన్ ఉంటాయి. మిగిలిన ఒక్క శాతంలో దాదాపు అంతా ఆర్గానే. కార్బన్ డయాక్సైడ్ వాటా 0.04 శాతం కంటే కొద్దిగా ఎక్కువ. నియాన్, హీలియం, మీథేన్ వంటివి ఇంకా తక్కువ. నీటి ఆవిరి మాత్రం చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఎడారి గాలిలో దాదాపు సున్నా, వర్షాకాలపు సముద్రతీరంలో 4 శాతం దాకా.

ఈ పాళ్లు సూరత్‌లో ఎంతో ఎవరెస్టు మీదా అంతే. నేల నుంచి సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు వరకూ గాలి నిరంతరం కలగలుస్తూ ఉండటమే దీనికి కారణం. బరువైన వాయువు కిందికి, తేలికైనది పైకి విడిపోయే వీలు ఆ కలయిక ఇవ్వదు. ఎవరెస్టు మీద ఊపిరి అందకపోవడానికి ఆక్సిజన్ శాతం తగ్గడం కారణం కాదు. మొత్తం గాలే అక్కడ మూడో వంతు ఉంటుంది.

ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి ఈ శాతాల లెక్క పనికిరాదు. కాలుష్యాన్ని కొలిచేది ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములన్న లెక్కతో. ఒక ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.2 కిలోలు. అందులో పీఎం 2.5 అనే అతిసన్నని ధూళి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మైక్రోగ్రాములే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. అంటే గాలి బరువులో మూడు కోట్లలో ఒక వంతు ధూళి చేరినా అది మన దేశపు హద్దును తాకినట్టే. మనిషి రోజుకు పీల్చే గాలి సుమారు 11 వేల లీటర్లు, అంటే 13 కిలోలు. తినే తిండి, తాగే నీరు కలిపినా అంత బరువు ఉండదు. అందుకే ఇంత చిన్న పాళ్లకు అంత విలువ.

పైకి వెళ్లే కొద్దీ

వాతావరణం చాలా ఎత్తుగా ఉంటుందని అనిపిస్తుంది గానీ, అడ్డంగా పరిచి చూస్తే అది అంత దూరమేమీ కాదు. అంతరిక్షం మొదలయ్యే చోటుగా చాలామంది లెక్కించే 100 కిలోమీటర్ల గీత దాకా దూరం, సూరత్ నుంచి వాపికి రోడ్డు మీద వెళ్లే దూరం కంటే తక్కువే. అందులోనూ గాలి సమంగా పరుచుకుని లేదు. మొత్తం గాలి బరువులో సగం మొదటి ఐదున్నర కిలోమీటర్లలోనే ఉంది.

నేలను ఆనుకుని ఉన్నది ట్రోపో ఆవరణం. మబ్బులు, వానలు, తుపానులు అన్నీ ఇక్కడే. ఇందులో పైకి వెళ్లే కొద్దీ సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ధ్రువాల దగ్గర ఈ పొర ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకే ముగుస్తుంది. కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న సూరత్ లాంటి ఉష్ణమండల నగరాల మీద సుమారు 16, 17 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ చలి సున్నాకు దిగువన 80 డిగ్రీల దాకా చేరుతుంది. భూమధ్య రేఖ ప్రాంతం వేడిగా ఉంటుంది కాబట్టి దాని మీది ఆకాశమూ వెచ్చగా ఉంటుందనుకుంటాం. నిజానికి ఆ ఎత్తులో ధ్రువాల మీది గాలి కంటే ఉష్ణమండలపు గాలే చల్లన. 1920లలో ఆగ్రా నుంచి వదిలిన బెలూన్ల కొలతలతో ఈ సంగతిని ప్రపంచానికి స్పష్టంగా చూపినవారిలో ముఖ్యుడు భారత వాతావరణ శాస్త్రవేత్త కె.ఆర్. రామనాథన్. తర్వాతి కాలంలో ఆయనే గుజరాత్‌లో, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి తొలి డైరెక్టర్ అయ్యారు.

దాని పైన 50 కిలోమీటర్ల దాకా స్ట్రాటో ఆవరణం. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. పైకి వెళ్లే కొద్దీ వేడి పెరుగుతుంది. ఓజోన్ సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని వేడెక్కడమే కారణం. వాతావరణంలోని ఓజోన్ అంతా నేల మీదికి తెచ్చి పరిస్తే దాని మందం మూడు మిల్లీమీటర్లే. ఆ పల్చటి తెర లేకపోతే నేల మీద జీవం ఈ రూపంలో ఉండేది కాదు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి దశాబ్దాలుగా ఎగురుతున్న పెద్ద బెలూన్లు పరికరాలను మోసుకెళ్లేది ఈ పొరలోకే.

50 నుంచి 85 కిలోమీటర్ల దాకా మీసో ఆవరణం. మళ్లీ చలి. ఉల్కల్లో చాలావరకు మండిపోయేది ఇక్కడే. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నడిపే రాడార్ పేరులోనే ఈ మూడు పొరలూ ఉన్నాయి. మీసో, స్ట్రాటో, ట్రోపో అన్న మాటల మొదటి అక్షరాలతో దాన్ని ఎంఎస్‌టీ రాడార్ అంటారు. 1,024 యాంటెన్నాలతో అది ఆకాశంలోని గాలుల పోకడను గమనిస్తుంది. ఇంకా పైన థర్మో ఆవరణం. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది ఇందులోనే. ఆ పైన ఎక్సో ఆవరణం అంతరిక్షంలో కలిసిపోతుంది.

ఈ వరుసలో గమనించాల్సిన సూత్రం ఒకటుంది. కింద వెచ్చగా, పైన చల్లగా ఉన్న చోట గాలి బాగా కలుస్తుంది. వెచ్చని గాలి తేలిక కాబట్టి లేస్తుంది, చల్లనిది దిగుతుంది. కింద చల్లగా, పైన వెచ్చగా ఉంటే గాలి కదలదు, పొరలు పొరలుగా నిలిచిపోతుంది. స్ట్రాటో ఆవరణానికి ఆ పేరు వచ్చింది అందుకే. పెద్ద తుపాను మేఘం కూడా దాని అంచుకు తగిలాక పైకి పోలేక కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుంటుంది.

పటంలో లేని పొర

ఇదే సూత్రం ప్రతి రాత్రీ నేలకు కొద్ది ఎత్తులో మరోసారి పనిచేస్తుంది. పగలు ఎండకు నేల కాలుతుంది. నేలను తాకిన గాలి వేడెక్కి లేస్తుంది. మధ్యాహ్నానికి ఈ కలయిక వెయ్యి, రెండు వేల మీటర్ల దాకా, ఎండాకాలంలో లోతట్టు ప్రాంతాల్లో ఇంకా పైకి పాకుతుంది. నేల ప్రభావం నేరుగా పడే ఈ భాగాన్ని శాస్త్రవేత్తలు సరిహద్దు పొర అంటారు.

సూర్యుడు దిగాక నేల వేగంగా వేడిని పోగొట్టుకుంటుంది. మబ్బు లేని చలికాలపు రాత్రి అయితే మరీ వేగంగా. నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది, దానికి పైనున్న గాలి వెచ్చగానే ఉండిపోతుంది. కింద చల్లన, పైన వెచ్చన. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కలయిక ఆగిపోతుంది. మూత దిగుతుంది. గాలి వీయని రాత్రుల్లో ఆ మూత వంద, రెండు వందల మీటర్ల ఎత్తుకే రావచ్చు. పొద్దున్నే పతంగికి గాలి అందకపోవడమూ, భోగి పొగ లేవకపోవడమూ ఇందుకే.

దీన్ని బరువుల్లో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక చదరపు మీటరు నేల మీద నిలిచి ఉన్న మొత్తం గాలి బరువు పది టన్నులకు పైనే. మూత 1,500 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు, పొగ కలవడానికి ఆ చదరపు మీటరు మీద దొరికే గాలి సుమారు 1,700 కిలోలు. మూత 150 మీటర్లకు దిగితే దొరికేది 180 కిలోలు. మొత్తం వాతావరణంలో అది రెండు శాతం లోపే. పొగ అంతే వచ్చినా, కలిసే గాలి పదో వంతుకు పడిపోయింది కాబట్టి దాని చిక్కదనం దాదాపు పది రెట్లు పెరుగుతుంది. వంద కిలోమీటర్ల ఆకాశం ఉండీ, ఆ పూట నగరం పీల్చేది అడుగున ఉన్న నూట యాభై మీటర్లనే.

సూరత్‌కు సముద్రం దగ్గర కావడం కొంత మేలు. పగటిపూట సముద్రపు గాలి వస్తుంది. వానాకాలంలో నైరుతి గాలులు ఊరిని ఊడ్చేస్తాయి, వాన ధూళిని కడిగేస్తుంది. కానీ చలికాలంలో గాలి ఎక్కువగా నేల మీది నుంచి వస్తుంది, రాత్రి నెమ్మదిస్తుంది. మరమగ్గాల్లో పన్నెండు గంటల షిఫ్టులు మామూలు. రాత్రి షిఫ్టు ముగించుకుని, తెల్లవారే వేళ కాలినడకన ఇంటికి వెళ్లే కార్మికుడు రోజు మొత్తంలోకీ మూత బాగా కిందికి దిగి ఉన్న గంటల్లో వీధిలో ఉంటాడు.

తెల్లవారుజాము ప్రమాదాలు

2022 జనవరి 6న, ఇంకా తెల్లవారక ముందే, సూరత్ శివార్లలోని సచిన్ పారిశ్రామికవాడలో విషవాయువు వ్యాపించింది. ట్యాంకర్ నుంచి అక్రమంగా కాలువలోకి వదిలిన రసాయనం దానికి మూలం. పక్కనే డైయింగ్ మిల్లులో ఉన్న కార్మికుల్లో ఆరుగురు చనిపోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

ఆ వేళ తెలుగువారికి మరో వేళను గుర్తుచేస్తుంది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి పాకింది కూడా జనం నిద్రలో ఉన్న ఆ చివరి జాములోనే. 12 మంది ప్రాణాలు పోయాయి. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ వేల మందిని బలిగొన్నదీ అర్ధరాత్రి దాటాకే.

ఈ మూడింటికీ కారణం వాతావరణం కాదు. రసాయనాన్ని అదుపులో ఉంచాల్సిన మనుషులు, వ్యవస్థలు విఫలం కావడమే కారణం. కానీ బయటపడిన విషం ఎంత దూరం, ఎంత చిక్కగా వెళుతుందన్నది ఆ వేళ గాలిని బట్టి ఉంటుంది. గాలి అణువుల సగటు భారం 29 అనుకుంటే, మిథైల్ ఐసోసైనేట్‌ది 57, స్టైరీన్‌ది 104. ఎండ కాచే మధ్యాహ్నం అయితే ఇలాంటి ఆవిరినీ గాలి చిలికి పైకి లాగి పలచన చేస్తుంది. కదలని రాత్రిగాలిలో బరువైన ఆవిరి నేలబారునే పాకుతుంది. మంచాల మీద పడుకున్నవారి ఎత్తు కూడా అదే.

గాఢత వేరు, మొత్తం వేరు

2011 జనగణన నాటికే సూరత్ నగర జనాభా 44 లక్షలు దాటింది. చీరలు, డ్రెస్ మెటీరియళ్లు తయారయ్యే ఈ నగరంలో బట్టకు రంగు అద్దాలన్నా, అచ్చు వేయాలన్నా ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలర్లు, బాయిలర్లకు బొగ్గు లేదా లిగ్నైట్. పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామికవాడల్లో ఇలాంటి పొగగొట్టాలు వరుసగా కనిపిస్తాయి. పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలు 200 మీటర్లు దాటి ఉంటాయి. చాలా రాత్రులు వాటి పొగ మూతకు పైనే వెళ్లిపోతుంది. మిల్లు పొగగొట్టాలకు అంత ఎత్తు ఉండదు. వాటి పొగ మూత లోపలే చిక్కుకుంటుంది.

ఈ పొగను అదుపు చేయడానికి చాలాకాలం అనుసరించిన పద్ధతి ఒకటే. పొగగొట్టంలోని ఘనపు మీటరు వాయువులో ధూళి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. అప్పుడప్పుడు అధికారులు వచ్చి కొలుస్తారు. ఇందులో రెండు లోపాలున్నాయి. తనిఖీ లేని రోజున ఏం జరిగిందో తెలియదు. అంతకంటే పెద్ద లోపం, అది గాఢతను కొలుస్తుంది గానీ మొత్తాన్ని కాదు. రోజుకు పది గంటలు నడిచే బాయిలరూ, ఇరవై నాలుగు గంటలు నడిచే బాయిలరూ ఒకే గాఢతతో పాస్ కావచ్చు. మూత కింద ఉన్న గాలికి మాత్రం మొత్తం ఎన్ని కిలోలు చేరిందన్నదే ముఖ్యం.

2019లో సూరత్ ఈ లెక్కను మార్చింది. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి, విదేశీ విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తల సాయంతో, ధూళి ఉద్గారాల మార్కెట్‌ను ప్రారంభించింది. ధూళి కణాల మీద ఇలాంటి మార్కెట్ ప్రపంచంలోనే మొదటిది. పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు అమర్చారు. మిల్లులన్నీ కలిసి మొత్తం ఎన్ని కిలోల ధూళి వదలవచ్చో హద్దు పెట్టారు. ఆ హద్దు మేరకు పర్మిట్లు ఇచ్చారు. తక్కువ ఖర్చుతో ధూళి తగ్గించగలిగిన మిల్లు తన పర్మిట్లు అమ్ముకోవచ్చు, తగ్గించలేనిది కొనుక్కోవాలి. పర్మిట్లకు మించి వదిలితే ముందే కట్టిన డిపాజిట్ నుంచి జరిమానా కోసుకుంటారు.

ఇది పనిచేసిందా అన్నది అంచనాగా వదిలేయలేదు. 317 ఫ్యాక్టరీలను తీసుకుని, లాటరీ వేసినట్టుగా కొన్నింటిని మార్కెట్‌లో చేర్చి, మిగిలినవాటిని పాత పద్ధతిలో ఉంచి పోల్చారు. మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్, అనంత్ సుదర్శన్‌ల ఈ అధ్యయనం 2025లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చింది. మార్కెట్‌లో చేరిన ఫ్యాక్టరీల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. ధూళి తగ్గించడానికి అయ్యే ఖర్చూ తగ్గింది. వదిలిన ధూళికి సరిపడా పర్మిట్లు చూపే నిబంధన 99 శాతం అమలైంది. ప్రజారోగ్యానికి కలిగిన మేలు విలువ ఖర్చు కంటే కనీసం 25 రెట్లని వారు లెక్కగట్టారు. నిబంధనలు కాగితాల మీదే ఉంటాయని పేరు పడిన దేశంలో ఇది చిన్న ఫలితం కాదు.

మూత తెలియని లెక్కలు

అయితే ఈ మార్కెట్ చూసేది పొగగొట్టం నుంచి నేరుగా వచ్చే ధూళినే. బొగ్గు మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో మార్పు చెంది తర్వాత సన్నని ధూళి అవుతాయి. అవి ఈ లెక్కలో లేవు. రోడ్ల దుమ్ము, వాహనాల పొగ, చెత్త మంటలు లేవు. పొగ ఏ వేళ వదిలారన్న తేడా కూడా లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు వదిలిన కిలో ధూళీ, తెల్లవారుజామున నాలుగింటికి వదిలిన కిలో ధూళీ పర్మిట్‌కు ఒకటే. పీల్చేవారికి ఒకటి కాదు.

ర్యాంకులనూ ఇదే జాగ్రత్తతో చదవాలి. కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛ వాయు సర్వేక్షణ్ 2024లో పది లక్షలు దాటిన నగరాల్లో సూరత్‌కు మొదటి స్థానం వచ్చింది. ఆ ర్యాంకులో పెద్ద వాటా నగరం చేపట్టిన చర్యలది. రోడ్లు ఊడ్చడం, చెత్త నిర్వహణ, పరిశ్రమల మీద అదుపు వంటివాటికి మార్కులు ఉంటాయి. అది కృషికి గుర్తింపు. గాలి ఇక శుభ్రమైందన్న ధ్రువపత్రం కాదు. ఏడాది సగటు అంకె కూడా అంతే. జూలై వానల్లో కడిగిన గాలినీ, జనవరి తెల్లవారుజామున పేరుకున్న గాలినీ కలిపి సగటు తీస్తే, ఎవరూ పీల్చని ఒక మధ్యస్థ గాలి వస్తుంది.

మూత ఎత్తును తెలుసుకోవడం ఇప్పుడు కష్టం కాదు. బెలూన్లు, లైడార్లు, రాడార్లు, ఉపగ్రహ సమాచారంతో నడిచే వాతావరణ నమూనాలు దాన్ని రోజూ అంచనా వేస్తాయి. రేపు రాత్రి గాలి నిలిచిపోతుందా అన్నది ముందే చెప్పవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే పడవలు ఆగినట్టు, మూత బాగా దిగే రాత్రుల్లో చెత్త తగలబెట్టడాన్ని గట్టిగా ఆపడం, వీలైన బాయిలర్ పనిని పగటికి మార్చడం, రసాయన ట్యాంకర్ల మీద రాత్రి నిఘా పెంచడం సాధ్యమే. గంట గంటకూ మారే గాలికి ఏడాదికోసారి చూసే లెక్క సరిపోదు.

సూరత్, విశాఖ, హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు, ఏ పారిశ్రామికవాడకైనా వర్తించే సంగతి ఇది. మూతను పైకెత్తడం మనిషి చేతిలో లేదు. దాని కిందికి ఎన్ని కిలోలు, ఏ గంటలో వదలాలన్నది మాత్రం పూర్తిగా మనిషి చేతిలోనే ఉంది.